ఇయ్యాల వద్దన్నది

సిరొంచ నుంచి ఆరు కిలోమీటర్లు.
తునికాకు కల్లం దాటినంక
తారు ఆగిపోయిన కాడ మా శిబిరం.
ఎండకాలం పది రోజులు, పొద్దుగాల ఆరింటి నుంచి
చెప్పుల్లేని కాలు కాలే యాళ్లదాక.
హాజరు పుస్తకంల పేర్లు మరాఠీల రాస్త,
పిలిచేటప్పుడు అవే తెలుగైతయి:
ఓదేలు, సుగుణ, మడావి లాల్సు,
రేంజర్ బిడ్డ ప్రాచి, తెల్లటోపీ, కొత్త నీళ్ల సీసా.
మొత్తం ఇరవై మూడు మంది.

నాకిచ్చిన కాగితంల అన్నీ ఉన్నయి.
పక్షుల లెక్క, ఆకుల అచ్చులు, పదింటికి జావ.
అడివిని నేర్పేది మాత్రం నేను గాదు,
తలాండి జుర్రి ముసలమ్మ.
ఆమెకు సంతకం రాదు.
కూలి కాగితం మీద బొటనవేలు ఒత్తి
ఆ సిరా పోయి మద్దిచెట్టుకు తుడుస్తది.

మొదటి నాడే అందర్ని అడివి అంచుకు నిలబెట్టింది.
"మీ ఇంట్లకు ఎవలన్న అడగకుండ వస్తరా?"
పేరు చెప్పాలె. తాత పేరు చెప్పాలె.
తాగే నీళ్లు ఏ వాగువో చెప్పాలె.
ఆనక నోరు మూసుకొని నిలబడాలె, జవాబొచ్చేదాక.
ప్రాచికి తన నీళ్లు ఏ వాగువో తెల్వదు.
"ట్యాంకర్‌వి" అన్నది మెల్లగ.
ముసలమ్మ నవ్వలే.
ట్యాంకర్ నీళ్ల పిల్ల గూడ వచ్చిందని
ఉన్నదున్నట్టే అడివికి చెప్పింది.

ఓదేలుకు అన్నీ అనుమానాలే.
"అడివికి ఏ భాష వస్తది మేడం?
బడిల మరాఠీ, ఇంట్ల తెలుగు, అవ్వది మాడియా..."
ఆ సంగతి కాగితంల లేదు.

నాలుగో నాడు ప్రాణహిత ఇసుకల చెలిమె తోడి
దోసిట్ల చూపించి "ఏర్" అన్నది ముసలమ్మ.
మాకు ఏరంటే నది.
ఆమెకు దోసిట్లదీ ఏరే,
మేక తాగంగ గిన్నెల మిగిలిందీ ఏరే.
ఆ మాపు ఇంటికి పోయి
బిందె మూత తీసి చూసిన,
నది ఎంత మిగిలిందోనని.

తొమ్మిదో నాడు మొర్రిపండ్లకు పోవాలె.
పోరగాళ్లు రాత్రంత నిద్రబోలే, అందరి జేబుల్ల సంచులే.
పేర్లు చెప్పిన్రు. నిలబడ్డరు.
గాలి లేదు. ఊగుదామన్నా
టేకు కొమ్మల మీద ఆకు లేదు.
ఎక్కడ్నో కంజుపిట్ట ఒకటి
సగం అరిచి ఆపింది.
ముసలమ్మ చెవి అటు పెట్టింది, ఇటు పెట్టింది,
కొంగు దులుపుకొని వెనక్కి తిరిగింది.
"ఇయ్యాల వద్దన్నది."

ఎవరన్నరు? ఎందుకన్నరు?
ఎలుగొడ్డా, పామా, పోలీసులా?
ఒక్కదానికీ జవాబు లేదు.
వద్దన్న చుట్టాన్ని ఎందుకని నిలదీస్తరా?
లాల్సు ఒక్కడే సంచి నాలుగు మడతలు పెట్టి
జేబుల దాసుకున్నడు,
వానికిది కొత్త గానట్టు.

ఆ పొద్దంత తారు ఆగిన కాడనే కూసున్నం.
కాలే తారు మీద కాలు పెట్టలేక
చీమల బారు చుట్టు తిరిగి పోతుంటే చూసినం.
ఎనిమిదింటికే జావ అయిపోయింది.
ఓదేలు ఏడ్చి ఏడ్చి ముక్కు చీదుకొని
"రేపు అడివికి నా పేరు చెప్పనే చెప్ప" అన్నడు.
ముసలమ్మ మొకం ఎలిగింది.
"అలిగినవా? ఇగ చుట్టానివే."

కాగితంల తొమ్మిదో నాటికి ఒక గడి ఉన్నది,
పండ్లు ఎన్ని కిలోలని.
సున్న పెట్టిన. కొట్టేసిన.
మరాఠీల ఏందో రాసి మళ్ల కొట్టేసిన.
ఆఖరికి, మా అమ్మ పొయ్యి బొగ్గుతోటి నేర్పిన
వంకర అక్షరాలల్ల తెలుగుల రాసిన:
వద్దన్నది.
నాగపూర్ల దాన్ని ఎవరు చదువుతరో ఏమో.

పదో నాడు అందరికంటె ముందు
ఓదేలే వచ్చి నిలబడ్డడు, అడివి అంచుకు.
అన్నట్టే పేరు చెప్పలే.
తాత పేరు మాత్రం చెప్పిండు,
గట్టిగ, రెండుసార్లు.